అబద్ధానికి దిగే పిడుదులు

పొద్దున్నే అక్కయ్య చేసే మొదటి పని నిమ్మకాయలు తరగడం. చక్రాల్లా కోసి, పెద్ద గిన్నెలో నీళ్లతో మరిగించి, మూత పెట్టి పక్కనుంచుతుంది. ముందురోజు మరిగించినవి అప్పటికి చల్లారి ఉంటాయి, వాటిని వడకట్టి స్ప్రే సీసాల్లో నింపుతుంది. ఆ తర్వాత కొబ్బరినూనెలో వేపనూనె కలుపుతుంది. వేపనూనెను చుక్కల లెక్కన వెయ్యాలిగానీ గరిటెల లెక్కన కాదని, ఎక్కువైతే కుక్కకు ఒళ్లు మండుతుందని వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతుంది. ఆ వాసన ఆమెకు పట్టేసి చాలా ఏళ్లయింది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు మొహమాటపడుతూ కిటికీ తెరుస్తారు. ఆమె ఏమీ అనుకోదు, ఇంకాస్త తెరవమంటుంది.

ఆమె ఇంటి ముందుగదే కుక్కల స్నానాల దుకాణం. గచ్చునేల, మధ్యలో నీళ్లు పోయే తూము, నడుమెత్తు రాతిబల్ల, గోడకు సన్నపళ్ల దువ్వెనలు, ఒక మూల దేవదారు చెక్కపొట్టు బస్తా. ఆ పొట్టును కుక్క పడుకునే పరుపులో కూరమని ఇస్తుంది. ఇంకో మూల ఒక ఎత్తుపీట, దాని ముందు సబ్బునీళ్ల తొట్టి. ఆ పీట తమ్ముడిది.

ఊళ్లో అందరూ అతణ్ణి కోతల బాబాయి అంటారు. ఒకప్పుడు పాత కార్లు అమ్మిపెట్టేవాడు. ఇంజిను లేని కారును కూడా చప్పుడు చెయ్యని కారని అమ్మగల సమర్థుడు. కొన్నవాళ్లంతా ఒకరికొకరు ఎదురుపడటం మొదలయ్యాక ఆ వ్యాపారం మూతపడింది. రెండుమూడు చోట్ల పెళ్లిమాటలు జరిగాయిగానీ, పిల్ల తరఫువాళ్లు వాకబు చేసిన ప్రతిచోటా జనం ముందు నవ్వి, తర్వాత మాట్లాడారు. దాంతో అక్కయ్య అతణ్ణి తన దుకాణంలోనే కూర్చోబెట్టింది. అమ్మ పోయినప్పుడు అతను ఇంకా నిక్కర్లు వేసుకునే వయసువాడు. అప్పట్నుంచి ఆమే పెంచింది. పెంచే హడావిడిలో తన పెళ్లి సంగతి ఎటు పోయిందో ఆమె పెద్దగా వెతకలేదు.

దుకాణంలో అతని పని అబద్ధాలు ఆడటం. కుక్క ఒంటికి అంటుకుని రక్తం పీల్చే పిడుదుల సంగతి తెలిసిందే. దగ్గర్లో ఎవరైనా అబద్ధమాడితే అవి పట్టు వదిలి, కుక్క ఒంటిమీద నుంచి దిగి, ఆడినవాళ్ల కాళ్ల దగ్గరికి చేరతాయి. గెంతే పేలకైతే ఆ నడక ఓపిక కూడా ఉండదు, గెంతుకుంటూ వచ్చేస్తాయి. అందుకే ఊళ్లో కుక్కలున్న ఇళ్లకు వెళ్లిన అల్లుళ్లు గుమ్మం బయటే నిలబడి కబుర్లు చెప్పి వచ్చేస్తుంటారు. బాబాయి పీటమీద కూర్చుని, కాళ్లు తొట్టిలో పెట్టుకుని, నోరు విప్పుతాడు. పేలు సబ్బునీళ్లలో మునిగిపోతాయి. పిడుదులు అంత తేలిగ్గా చచ్చే రకం కాదు కాబట్టి అక్కయ్య వాటిని పట్టకారుతో ఏరి స్పిరిట్ సీసాలో వేస్తుంది. చేత్తో నలపడం ఆమె దగ్గర పెద్ద నేరం. మొండివి మిగిలితే దువ్వెన, ఆ తర్వాత స్నానం, చివర నూనె.

పశువుల డాక్టరమ్మ మంచిమనిషి. చాలా కుక్కలకు ఆవిడ మందుబిళ్లలే ఇస్తుంది, అవి బాగానే పనిచేస్తాయి. ఆ బిళ్లలు పడనివాటిని మాత్రం, పాలు మరవని కూనల్ని, మూర్ఛలొచ్చే కుక్కల్ని, అక్కయ్య దగ్గరికి పంపుతుంది. ఎవరైనా తెలివికి పోయి కుక్కకు వెల్లుల్లి తినిపిస్తున్నామంటే మాత్రం డాక్టరమ్మా అక్కయ్యా ఇద్దరూ ఒకే గొంతుతో కేకలేస్తారు.

బాబాయి పని చూసేవాళ్లకు తేలికగానే కనిపిస్తుంది. నిజానికి అందులో ఒక చిక్కుంది. నమ్మేవాళ్లు లేకపోతే అది అబద్ధం కింద లెక్కకు రాదు. కథలు చెప్పుకుంటే పిడుదులు చెవి కూడా కదపవు, వాటికి చెవులుంటే. ఎదుటిమనిషి నిజంగా నమ్మాలి. మొదట్లో బాబాయి కార్లమ్మిన ఊపులోనే ఉండి, కుక్కను తెచ్చిన ఒక టైలరమ్మతో, మీ భవనం కూల్చేస్తున్నారట కదా అనేశాడు. కుక్క అద్దంలా తయారైంది. ఆవిడ ఇంటికి పరుగెత్తి, మంచాలూ కుట్టుమిషనూ వీధిలో వేసుకుని వానలో కూర్చుంది. ఆ తర్వాత అక్కయ్య రెండు షరతులు పెట్టింది. అబద్ధం ఏదైనా బాబాయి తన గురించో తమ ఇంటి గురించో ఆడుకోవాలి, కుక్కలవాళ్లు గుమ్మం దాటేలోగా నిజం చెప్పి పంపాలి. అలా చెప్పి పంపుతూ పోతే ఏమవుతుంది? కొంతకాలానికి ఊళ్లో బాబాయి మాట నమ్మేవాళ్లే కరువయ్యారు.

ఒక్క అక్కయ్య తప్ప.

"అక్కా, లోపల పాలు పొంగుతున్నట్టున్నాయి" అంటాడు బాబాయి. అక్కయ్య చేతిలో దువ్వెన అక్కడే పడేసి లోపలికి పరుగెడుతుంది. ఆమె తిరిగొచ్చేసరికి పిడుదులు సగం నేలమీద ఉంటాయి.

"పొయ్యిమీద పాలే లేవు కదరా."

"లేవక్కా."

మర్నాడు మళ్లీ అదే మాట, మళ్లీ అదే పరుగు. దుకాణం నడిచేదే ఆ పరుగుమీద. పక్కవాటాలో ఉండే రొట్టెల బట్టీ వదిన ఒకరోజు ఉండబట్టలేక అడిగింది, రోజూ ఎలా నమ్ముతావు వదినా అని.

"ఎప్పుడైనా నిజమే చెప్పాడనుకో, నేను కూడా నమ్మకపోతే వాడేమైపోతాడు?" అంది అక్కయ్య.

పీటమీదున్న బాబాయి ఆ మాట విన్నాడు. విననట్టు తొట్టిలో కాళ్లు ఆడించాడు. ప్రపంచంలో తన మాటకు విలువ ఉన్నది ఆ ఒక్క మనిషి దగ్గరేనని అతనికి బాగా తెలుసు.

వారానికోసారి వచ్చేవాళ్లలో లిఫ్టుల మెకానిక్ ఒకడు. భార్య పోయి చాలాకాలమైంది. ఒక నల్లకుక్క ఉంది, దానికి మూర్ఛ జబ్బు. బిళ్లలు వద్దంది డాక్టరమ్మ. ఆయన పనిచేసేది కొత్తగా కడుతున్న భవనాల్లో. ఆయన పైన తాళ్లు బిగిస్తుంటే, కుక్క కింద గడ్డిలో పడుకుని పిడుదులు పోగుచేసుకుంటుంది. ఒకసారి పిడుదుల జ్వరమొచ్చి చచ్చి బతికింది. అప్పట్నుంచి ఆయన వారం తప్పలేదు. మాట తక్కువ మనిషి. ఆడే ఆ కాసిని మాటల్లో అబద్ధం ఉండదు. నిమ్మనీళ్లు రోజూ చల్లుతున్నారా అని అక్కయ్య అడిగితే, మొన్న మర్చిపోయానండీ, నిన్న బద్ధకించానండీ అంటాడు. బాబాయికి ఆయన్ని చూస్తే చిరాకు. ఇలాంటివాళ్లే ఉంటే లోకంలో కార్లు అమ్ముడుపోవంటాడు.

ఆ రోజు ఆయన కుక్క తలను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. అక్కయ్య చెవుల వెనక వెతుకుతోంది. ఆయన కుక్కతో చెబుతున్నట్టుగా అన్నాడు.

"నన్ను వేరే ఊరు వెయ్యబోతున్నారండీ. నెలాఖరుకి వెళ్లిపోవాలి."

"అయ్యో. మరి దీని స్నానాలు?"

"అదే. మీరూ వస్తే బాగుంటుందని."

"ఎక్కడికి?"

"నాతో. పెళ్లి చేసుకుని."

అక్కయ్య చెయ్యి కుక్క చెవి దగ్గర ఆగిపోయింది. ఆయన చెప్పాల్సినవన్నీ చెప్పేశాడు. తనకు వంట రాదు. గురక ఉంది, గట్టిదే. కోపం వస్తే మాట్లాడడు, అన్నం మాత్రం తింటాడు. మొదటి భార్యను బాగానే చూసుకున్నాడు గానీ ఆవిడ పాడుతుంటే ఒక్కసారి కూడా బాగుందని చెప్పలేదు, అది ఇప్పటికీ బాధగా ఉంది. అక్కయ్య అంటే మాత్రం చాలా ఇష్టం, ఇది ఇవాళ్టిది కాదు. అక్కడా కుక్కలుంటాయి, దుకాణం పెట్టుకోవచ్చు.

బాబాయి పీటమీద నుంచి వంగి కుక్కకేసి చూశాడు. ఒక్క పిడుదు, ఒక్కటంటే ఒక్కటి, కదిలితే ఒట్టు. ఎదుటిమనిషి అబద్ధమాడాలని బాబాయి అంత మనస్ఫూర్తిగా కోరుకోవడం అదే మొదలు.

"ఆలోచించుకుని చెబుతానండీ, వచ్చేవారం తెస్తారుగా దీన్ని" అంది అక్కయ్య. ఆ తర్వాత ఎటు చూడాలో తెలియక, "పరుపుగుడ్డలు మాత్రం వేడినీళ్లలో ఉతకాలి, చల్లనీళ్లలో జాడిస్తే లాభం లేదు" అని కూడా చెప్పింది.

ఆ వారం అక్కయ్య కుక్కలకు నూనె రాస్తూ కూనిరాగాలు తీసింది. డాక్టరమ్మ కనిపిస్తే, ఆ ఊళ్లో పచ్చిక ఎక్కువట కదా అని, ఎవరికోసమో అడుగుతున్నట్టు అడిగింది. వేపనూనె ఎన్ని చుక్కలో, దువ్వెన ఎటునుంచి ఎటు లాగాలో బాబాయికి చూపించడం మొదలుపెట్టింది.

"ఇవన్నీ నాకెందుకక్కా?"

"నేర్చుకుంటే పోయేదేముందిరా."

బాబాయికి తెలిసిపోయింది. ఆమె వెళ్లిపోతే దువ్వడం తనకు రాదని కాదు అతని దిగులు. దువ్వడం ఎవరైనా నేర్చుకుంటారు. పాలు పొంగుతున్నాయంటే పరుగెత్తే మనిషి ఎక్కడ దొరుకుతుంది? ఇల్లంతా తన మాటలు తనకే వినబడుతూ ఉంటాయి. అన్నం సయించలేదు అతనికి. చివరికి ఒక మధ్యాహ్నం, రొట్టెల బట్టీ వదిన తన తెల్లకుక్కను దింపి వెళ్లాక, అబద్ధాలవేళ కూడా కాకముందే గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అక్కా, ఇక్కడ నొప్పిగా ఉంది. కొన్నాళ్లుగా వస్తోంది. నీకు చెప్పలేదు."

అక్కయ్య కుక్కను వదిలేసి వచ్చి అతణ్ణి నేలమీద పడుకోబెట్టి, తల తన ఒళ్లో పెట్టుకుని, చొక్కా గుండీలు విప్పి, విసిరింది. డాక్టర్ని పిలవడానికి లేవబోయింది. అప్పుడే తెల్లకుక్క కాళ్లమీద నుంచి పిడుదులు దిగడం ఆమెకు కనిపించింది. బారులు తీరి వచ్చి బాబాయి మడమల దగ్గర ఆగాయి. బాబాయి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఆమె తిట్టలేదు. పట్టకారు తెచ్చి ఒక్కొక్కటే ఏరి సీసాలో వేసింది. అంతా అయ్యాక అడిగింది.

"తగ్గిందారా?"

"తగ్గిందక్కా."

చెవి వెనక దాక్కున్నది ఇంకొకటి దిగి వచ్చింది. దాన్ని కూడా తీసి సీసాలో వేసింది. తిట్టి ఉంటే బాబాయికి కొంత బాగుండేది. ఆ మర్నాటి నుంచి ఆమె కూనిరాగాలు ఆగిపోయాయి. చుక్కల లెక్కలు నేర్పడం కూడా మానేసింది. వీణ్ణి వదిలి ఎలా వెళ్లడం అన్న ఆలోచన ఒక్కటే ఆమె మనసులో కూర్చుంది. బాబాయి గెలిచాడు. గెలిచినందుకు సంతోషం వస్తుందేమోనని ఎదురుచూశాడు. అది రాలేదు, నువ్వు వెళ్లక్కా అని ఆమెతో చెప్పే ధైర్యమూ రాలేదు.

మెకానిక్ అన్నరోజుకే వచ్చాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నల్లకుక్కను ఎత్తి రాతిబల్లమీద నిలబెట్టాడు. ఆ వారమంతా గడ్డి ఏపుగా పెరిగిన స్థలంలో పని చేశారట, కుక్క చెవుల నిండా, వేళ్ల సందుల నిండా పిడుదులే. బాబాయి అలవాటు ప్రకారం పీటమీద కూర్చుని కాళ్లు తొట్టిలో పెట్టాడు. ఇవాళేం చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు. అతను మొదలుపెట్టకముందే అక్కయ్య మాట్లాడింది. స్నానం అయ్యేదాకా ఆ మాటను మోసే ఓపిక ఆమెకు లేదు.

"మీరడిగినదాని గురించి ఆలోచించానండీ. నాకు ఇక్కడే బాగుంది. ఈ వయసులో పెళ్లీగిళ్లీ మీదికి నా మనసు పోవడం లేదు. మీమీద నాకు గౌరవమే, అంతకుమించి ఏం లేదు. ఏమీ అనుకోకండి."

తడబడకుండా చెప్పింది. రాత్రంతా కూర్చి పెట్టుకున్న మాటలు. మెకానిక్ నమ్మాడు. తను అబద్ధమాడడు కాబట్టి ఎదుటివాళ్లు ఆడతారని ఆయనకు తట్టదు. బాబాయి కూడా నమ్మాడు. నమ్మాలని ఉంది కాబట్టి ఇంకా తొందరగా నమ్మాడు.

"అలాగేనండీ" అన్నాడు మెకానిక్. కుక్క తల నిమిరాడు. స్నానం చేయించమని అడగాలో, తీసుకుని వెళ్లిపోవాలో తెలియనట్టు దాని పట్టీ చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు.

పిడుదులు దిగడం మొదలైంది. చెవుల్లోంచి, మెడపట్టీ కిందినుంచి, తోక మొదట్లోంచి, ఎన్నాళ్లుగా దువ్వెనకు చిక్కనివి కూడా బయటికొచ్చాయి. బల్లకోడు మీదుగా గచ్చు మీదికి దిగాయి. బాబాయి చూసి, ఇంకా నేను నోరే విప్పలేదే అనుకుని, తొట్టిని కాలితో కొంచెం ముందుకు జరిపాడు. అవి తొట్టిదాకా వచ్చాయి. తొట్టిని చుట్టుకుని, అతన్ని దాటుకుని వెళ్లిపోయాయి. అక్కయ్య రబ్బరు చెప్పుల దగ్గరికి చేరాయి.

ఆ గదిలో అవి ఆ వైపు నడవడం ఇంతకుముందు ఎప్పుడూ జరగలేదు.

అక్కయ్య కదల్లేదు. మెకానిక్ నేలకేసి చూశాడు.

"ఇవి మీవైపు వస్తున్నాయేంటండీ?" అని అడిగాడు.

"సబ్బునీళ్లు పలచబడ్డాయేమో" అంది అక్కయ్య. "తొట్టి కడగాలి."

మెకానిక్ అదీ నమ్మి తొట్టికేసి చూశాడు. వెనకబడ్డవి కూడా నడక పెంచాయి.

బాబాయి తొట్టిలోంచి కాళ్లు తీసి దిగాడు. పీట తెచ్చి ఆమె వెనక వేసి, భుజంమీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. తొట్టిని జరిపి, ఆమె చెప్పులు తీసి, పాదాలు నీళ్లలో పెట్టాడు. నీళ్లు పలచగా ఏం లేవు.

"అక్కా, ఇంకో రెండు ముక్కలు మాట్లాడావంటే వీధిలో కుక్కలన్నీ శుభ్రమైపోతాయి. నా ఉద్యోగం పోతుంది. ఉన్నది చెప్పెయ్."

అక్కయ్య నవ్వబోయింది. నవ్వు సగంలో ఏడుపైంది. అడిగిన మనిషిని వదిలేసి, తమ్ముడికేసి చూసి చెప్పింది.

"వెళ్లాలని ఉందిరా. చాలా ఉంది."

నేలమీద పిడుదులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మెకానిక్ చేతిలో పట్టీ కిందపడింది, తీసుకోవడానికి వంగి, చాలాసేపు వంగే ఉన్నాడు. నల్లకుక్క తేలికపడ్డ ఒళ్లు విదిలించుకుని బల్లమీదే చుట్టచుట్టుకుని పడుకుంది.

బాబాయి పట్టకారు తీసుకుని, గచ్చుమీద చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఏరడం మొదలుపెట్టాడు. తడినేలమీద వట్టికాళ్లతో నిలబడి పని చెయ్యడం అతనికి కొత్త. ఒకటి తీసేలోపు ఇంకొకటి జారిపోతోంది.

"నువ్వెలా ఉంటావురా మరి?" అంది అక్కయ్య.

"నాకేంటక్కా."

"వేళకి తింటావా?"

"తింటాను."

"ఒక్కడినే అని దిగులు పెట్టుకోవు కదా?"

"దిగులెందుకు, హాయిగా ఉంటాను. ఇన్నాళ్లూ నీ కేకలతో చెవులు పోయాయి, కాస్త ప్రశాంతంగా పడుకుంటాను."

చెబుతూ అతను కిందికి చూశాడు. ఆగినవన్నీ మళ్లీ కదిలాయి. మెల్లగా, ఒకదాని వెనక ఒకటి, తలలు అతనివైపు తిప్పాయి. అక్కయ్య ఇంకా చూడలేదు, అతని ముఖంలోకే చూస్తోంది. ఎప్పుడూ చూసినట్టే, ఏ సందేహమూ లేకుండా. బాబాయి భుజంమీది తువ్వాలును జారవిడిచాడు. అది వాటిమీదా, అతని పాదాలమీదా పడి కప్పేసింది.

"నిజమేనా?" అంది అక్కయ్య.

"నిజమే అక్కా."

ఆమె కళ్లు తుడుచుకుని మెకానిక్ వైపు తిరిగింది. నెలాఖరంటే ఏ రోజని అడిగింది. ఆయన చెబుతున్నాడు, ఆమె వింటోంది. తువ్వాలు కింద అవి బాబాయి వేళ్లదాకా వచ్చి, ఎక్కి, కొరికి పట్టుకున్నాయి. అతను కాలు తియ్యలేదు.